లిజులు దగ్గర ఆగిన కారు

లిజులు సంత దాటగానే ఎత్తు మొదలవుతుంది. ఆ ఎత్తు ఎక్కలేక ఒక పాత కారు బంగాళాదుంపల కుప్పల పక్కన ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసబుసా పొంగుతోంది.

మెకానిక్ జైలోసి వేడి మందాసి బూరెను నోట్లో పెట్టుకోబోతున్నవాడల్లా, దాన్ని అమ్మే ఆవిడ చేతిలోనే పెట్టేసి పరుగెత్తాడు.

కారు నడుపుతున్నవాడు అప్పటికే బానెట్ ఎత్తి, చొక్కా అంచుతో రేడియేటర్ మూత తిప్పేస్తున్నాడు.

"ముట్టుకోకన్నా, చల్లారనీ."

మాట పూర్తికాలేదు. మూత ఎగిరిపోయింది. అతన్ని పక్కకు లాగిన జైలోసి ముంజేతి మీద మరిగే నీళ్ళు పడ్డాయి. చర్మం చూస్తుండగానే ఎర్రగా కమిలిపోయింది.

"క్షమించు తమ్ముడూ. చల్లారేదాకా ఆగే టైము లేదు. వెనక మా అమ్మ ఉంది."

వెనక సీట్లో ఒక ముసలామె చితెంజె గుడ్డ కప్పుకొని పడుకుని ఉంది. పేరు నాఫిరి. ఎముకల మీద తోలు తప్ప ఏమీ లేదు. చేతికి సెలైన్ సూది ప్లాస్టరుతో సహా అలాగే ఉంది. కొడుకు వైసన్ వంగి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

"ఉంది," అన్నాడు, గట్టిగా గాలి వదిలి. "ఎంతసేపు పడుతుంది?"

జైలోసి చేతికి తడిగుడ్డ చుట్టుకున్నాడు. తన తల్లి కూడా ఇలాగే, ఆసుపత్రికి పోయే బస్సు కోసం చూస్తూ చూస్తూ పోయింది.

"ఇక్కడ మిషన్ వాళ్ళ క్లినిక్ ఉంది, ఆ మలుపులోనే. నేను బండి చూసేలోపు అమ్మను చూపించుకురా. నర్సు మంచిది."

"వద్దొద్దు. వాళ్ళు చూస్తే పడుకోబెట్టేస్తారు. ఇక కదలనివ్వరు. నువ్వు బండి సంగతి చూడు తమ్ముడూ, దణ్ణం పెడతాను."

నిజమే అనుకున్నాడు జైలోసి. చిన్న క్లినిక్‌లో ఏముంటుంది, మాత్రలు తప్ప.

ఇంజను కాస్త చల్లబడింది. ఫ్యాను రెక్కను వేలితో తోశాడు. తేలిగ్గా తిరిగింది, పట్టేయలేదు. ఫ్యూజు తీసి ఎండకు పెట్టి చూశాడు. తెగలేదు. బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగి ఫ్యాను మోటారుకు తగిలించాడు. గిర్రున తిరిగింది.

"మోటారు బాగానే ఉంది. దీన్ని తిరగమని చెప్పేవాడే చెప్పడం లేదు."

"అర్థమయ్యేలా చెప్పు."

"రిలే అన్నా పోయుండాలి, వేడి కనిపెట్టే స్విచ్ అన్నా పోయుండాలి."

హారను రిలే పీకి ఫ్యానుకు పెట్టి చూశాడు. తిరగలేదు. ఇక మిగిలింది స్విచ్. అది రేడియేటర్ అడుగున ఉంది. నేల మీద వెల్లకిలా పడుకుని దూరాడు. కాలిన చేతికి ఇసుక అంటుకుని ప్రాణం విలవిలలాడింది.

వైసన్ నీళ్ళ కోసం బోరింగు దగ్గరికి పరుగెత్తాడు. ముసలామె కళ్ళు తెరిచింది.

"ఎవరు నాయనా కింద?"

"మెకానిక్‌ని పెద్దమ్మా. ఐపోయింది, బయల్దేరతారు."

"నాదీ, ఈ బండిదీ ఒకటే జబ్బు. ఒళ్ళు కాలిపోవడం." ఆమె నవ్వబోయి దగ్గింది. "సోమవారం కోస్తామన్నారు ఆసుపత్రిలో. బతికితే బతికినట్టు, లేకపోతే లేదు, సగం సగం అన్నారంట. మావాడు ఒప్పుకోలేదు. సగం బేరం వాడికి గిట్టదు. పెద్ద డాక్టరు దగ్గరికి పద అమ్మా అని, రెండు చేతుల మీద ఎత్తుకొచ్చాడు."

"అదృష్టవంతురాలివి."

"ఆరుగురిని కన్నాను. మిగిలింది వీడే. ఆరుగురి పెట్టు."

జైలోసి స్విచ్ ప్లగ్గు ఊడబీకి, రెండు కొసలనూ రాగితీగతో కలిపి మెలిపెట్టాడు. బయటికొచ్చి తాళం తిప్పి, బానెట్ కిందికి వంగి చూశాడు. ఫ్యాను అందుకుంది. దాని గాలి ముఖానికి తగలగానే అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

వైసన్ నీళ్ళు తెచ్చాడు. ఇంజను నడుస్తుండగా కొంచెం కొంచెంగా పోసి, ఎగిరిపడ్డ మూత వెతికి బిగించారు. వేడి చూపే ముల్లు కిందికి దిగింది.

"తాళం తిప్పి ఉన్నంతసేపూ ఇది తిరుగుతూనే ఉంటుంది," అన్నాడు జైలోసి. "ఎత్తులో రెండో గేరు దాటకు. ఎక్కడా ఆపకు. ఇంకెంత దూరం?"

"ముప్పై కిలోమీటర్లు. ఆఖరి పది మట్టిదారి."

మట్టిదారిలో ఉన్న పెద్ద ఆసుపత్రి ఏదా అని జైలోసి ఒక్క క్షణం ఆలోచించాడు. ఈలోపు వైసన్ మళ్ళీ వెనక తలుపు తీసి తల్లి రొమ్ము మీద చెవి ఆనించాడు. ఆమె అతని తల నిమిరింది.

"తట్టుకుంటుందంటావా, గంటసేపు?"

"తట్టుకుంటుందన్నా. నాతో మాట్లాడింది కూడా. గట్టి మనిషి."

వైసన్ జేబులో చెయ్యి పెట్టాడు. జైలోసి వెనక్కి జరిగాడు.

"నాకేం వద్దు. అమ్మను చేర్చు, చాలు."

వైసన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తలుపు మెల్లగా మూశాడు. జైలోసి కాలని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, లోపలికి వినపడకుండా అన్నాడు:

"నీ పుణ్యమా అని ఊపిరుండగానే ఇల్లు చేరుస్తున్నాను తమ్ముడూ, ఆ ఆసుపత్రిలోనే పోయుంటే శవాన్ని ఊరు చేర్చే బండివాడికి మా ఇంట ఉన్న ఒక్క ఆవునూ అమ్మి ఇవ్వాల్సి వచ్చేది."