నాలుగో చరణం

ముత్తుకూరు దగ్గర, సముద్రపు ఒడ్డున చర్చివాళ్ల పాటల కచేరీ. పోయిన ఏడు ఇదే వేదిక మీద కెజియా చరణం మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. జనం పడీపడీ నవ్వారు. అందుకే ఈసారి చెల్లెలు నవోమి జనం వెనకాల నిలబడి ఫోను పైకెత్తి పట్టుకుంది. పాట మొత్తం ఆ ఫోను తెర మీద పెద్ద పెద్ద ఎర్రటి అక్షరాలుగా కదిలిపోతుంటే, కెజియా చూసి పాడుతోంది.

మూడో చరణం ముగిసింది. పాట అంతే. అయినా అక్షరాలు ఆగలేదు. ఎన్నడూ వినని నాలుగో చరణం వస్తోంది. కెజియా వదల్లేదు, గొంతెత్తి పాడేసింది. జనమంతా లేచి నిలబడ్డారు. ఆ చప్పట్లకు అలల హోరు కూడా వినపడలేదు.

నవోమి ఏడుపు మొహంతో వేదిక మీదికి పరుగెత్తుకొచ్చింది.

"తప్పయిపోయిందక్కా! రెండో చరణం కాడే ఛార్జింగ్ అయిపోయింది. అప్పుడే జనాన్ని తోసుకోని బయల్దేరినా. మిగతాది ఎట్ట పాడినావు?"

కెజియా ఆ ఫోను వంక చూసింది. తెర నల్లగా ఉంది. తలెత్తి దూరంగా చూసింది. ఎర్రటి అక్షరాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. జనాన్ని దాటి, ఇసుకను దాటి, అలలకు అవతల, మనిషి నిలవలేని చోట.

"ఇంకో పాట! ఇంకో పాట!" జనం కేకలు.

అక్కడ కొత్త పల్లవి మొదలైంది.

నవోమి కూడా అటు చూసి, అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. కెజియా విడిపించుకుని మైకు అందుకుంది.