సారు జేబులో కాగితం

“తియ్యండి మేస్టారూ ఆ కాగితం!” జ్ఞానయ్య బుల్లిబాబు చొక్కా జేబు మీద చెయ్యేశాడు.

నందిగామ గ్రౌండులో పొద్దున్నే పరుగుకొచ్చిన వాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. మిర్చి బస్తాలు మోసే చేతులు జ్ఞానయ్యవి. కోచ్ బుల్లిబాబు రెండడుగులు వెనక్కి తగ్గాడు.

“చెయ్యి తియ్యవయ్యా. మీ అమ్మాయి ఫెయిలైతే నేనేం చేసేది?”

“పదకొండు సెకన్లు! పదకొండు సెకన్ల తేడాలో పోయింది కానిస్టేబులు ఉద్యోగం. మళ్లీ పరీక్ష పెట్టేసరికి దీనికి వయసు దాటిపోద్ది. మూడు నెలలు జగ్గయ్యపేట నుంచి మొదటి బస్సెక్కి వచ్చిందండీ మీ దగ్గరికి. ఏం పరిగెత్తించారు? రోజుకి మూడు రౌండ్లు! అదీ మెల్లగా!”

“ఆడపిల్లలకి అంతే. గుండె చిన్నది, రక్తంలో బలం తక్కువ. విజయవాడ క్యాంపులో పెద్ద కోచ్ ఇచ్చిన కాగితమిది. ఎం అంటే మేలు, మగాళ్లకి ఎనిమిది రౌండ్లు, ప్రాణం పెట్టి. ఎఫ్ అంటే ఫిమేలు, మూడు రౌండ్లు, కబుర్లు చెప్పుకుంటూ. చదువుకున్నోళ్లు రాసినదాన్ని నువ్వూ నేనూ కాదంటే ఎట్టా?”

మూడో క్లాసులో బడి మానేసిన జ్ఞానయ్యకి కాగితమన్నా, కాగితం చూపించి నోరు మూయించేవాడన్నా ఒళ్లు మంట.

“గుండె చిన్నదా? దీని తల్లి రత్తమ్మ వత్సవాయిలో ఎండన పడి పత్తి ఏరుద్ది. నీకు గుండె చిన్నది, సగం సాలు చాల్లే అని ఏ రైతన్నా అన్నాడా? చాకిరీకి అడ్డం రాని గుండె ఉద్యోగానికొచ్చిందా అడ్డం?”

కూతురు జాయిస్ అతన్ని పక్కకి జరిపి ముందుకొచ్చింది.

“గుండె చిన్నదే సార్. అబ్బాస్‌తో సమానంగా నేను పరిగెత్తలేను, ఒప్పుకుంటా. కానీ అతని శక్తికి తగ్గ కష్టం అతనికుంటే, నా శక్తికి తగ్గ కష్టం నాకుండాలిగా? నాకసలు చెమటే పట్టనివ్వలేదు మీరు. ఇంకో రౌండు వేస్తానంటే ‘కాగితంలో లేదమ్మా’ అన్నారు.”

“అబ్బాస్ పేరెత్తావు కాబట్టి చెబుతున్నా. మగాడంటే వాడూ, కష్టమంటే వాడిదీ!”

గోడ మీద కూర్చున్న అబ్బాస్ తలెత్తలేదు. కుడి కాలికి పిండికట్టు. మూడు నెలలు ఒక్క రోజు మానకుండా ఎనిమిదేసి రౌండ్లు పరిగెత్తాడు. పరీక్ష పది రోజులుందనగా ఎముక చిట్లింది. అంతకు ముందు నొప్పన్నప్పుడల్లా “మగాడివి కాదట్రా నువ్వు!” అని తరిమేవాడు బుల్లిబాబు. కాగితం మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

“ఒక్కసారి ఇవ్వండి సార్.” జాయిస్ చెయ్యి చాపింది.

అంతమంది చూస్తుంటే ఇవ్వక తప్పలేదు. చెమటకి మెత్తబడి, నాలుగు మడతలు పడ్డ కాగితం. పై మడతలో రెండే గడులు, ఎం అని ఒకటి, ఎఫ్ అని ఒకటి. కింది మడతలు అతుక్కుపోయి ఉన్నాయి. జాయిస్ వాటిని గోటితో విడదీసింది. అడుగున సన్నటి ఇంగ్లీషు అక్షరాలు. ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. అబ్బాస్ కాలికేసి చూసింది.

“ఏం రాసుందే?” జ్ఞానయ్య ఉరిమాడు.

“ఎం అంటే మండే, ఎఫ్ అంటే ఫ్రైడే.”