పెట్టె మీది టీ కూజా

ఆయన సలాం చెప్పి ఆగలేదు. నేరుగా మూలనున్న నల్లపెట్టె దగ్గరికి నడిచాడు.

"సర్వర్ ఇదేనా?"

కుట్టుమిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి.

కారకోల్ ఊళ్లోని ఆ కుట్టుశాల సైరకుల్‌ది. చేతిలో కత్తెరతోనే ఆమె లేచి నిలబడింది. కంపెనీ మనిషి కోసమే ఆ మంగళవారం పొద్దుటి నుంచీ కాచుకుని ఉంది. రాజధాని బిష్కెక్‌లోని సాఫ్ట్‌వేర్ కంపెనీ సేల్స్‌మన్ ముందురోజే ఫోన్‌లో చెప్పాడు: "రేపు మా మనిషి వస్తాడు. మీ పెట్టె ఎంత ప్రమాదమో చూపిస్తాడు. అప్పుడు మీరే సంతకం పెడతారు."

వచ్చినాయనకు అరవై దాటి ఉంటాయి. తెల్ల కల్పక్ టోపీ, దుమ్ము పట్టిన బూట్లు, భుజాన గుడ్డసంచి. నాలుగు అడుగులకే ఆయాసపడుతున్నాడు.

"ఈసారి పెద్దాయన్ని పంపారే!" అంది సైరకుల్. "జాలిపడి సంతకం పెట్టేస్తానని కాబోలు."

ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు.

"పెట్టరా?"

"పెట్టను."

"ఎందుకు తల్లీ?"

"ఈ నాలుగు కంప్యూటర్లూ చూడండి. విండోస్. లైసెన్సు కాగితాలతో సహా కొన్నాం. బట్ట కత్తిరించే ప్రోగ్రామ్ వాటి మీదే నడుస్తుంది కాబట్టి కొన్నాం. మూలనున్న ఆ పెట్టెలో లినక్స్. దాన్ని ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. తొమ్మిది బడుల పిల్లల కొలతలు, యూనిఫారాల నమూనాలు అన్నీ దాన్లోనే ఉన్నాయి. ఆరేళ్లుగా ఇవీ అదీ ఒకే ఇంట్లో తోటికోడళ్లలా ఉంటున్నాయి."

"కొట్టుకోవా?"

"కొట్టుకుంటాయి. సర్దడానికి నేనున్నాగా!"

మిషన్ల దగ్గర ఆడవాళ్లు నవ్వారు.

"అన్నీ కంపెనీకి అప్పగిస్తే ఆ సర్దుబాటు బాధ తప్పుతుందిగా," అన్నాడాయన.

"తప్పుతుంది. కానీ నేను తీసిన కొలతలు చూసుకోవడానికి నేనే మీ అనుమతి అడుక్కోవాలి. ఒక ఏడు డబ్బు కట్టలేకపోతే తాళం వేసేస్తారు. బడులు తెరవడానికి ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. అప్పుడు వేశారనుకోండి, ఊళ్లో పిల్లలు ఏం తొడుక్కుని వెళ్లాలి? మీ కాగితాలా?"

"చెడిపోతే ఎవరు బాగుచేస్తారు?"

"ఇదిగో, జూరా. తొమ్మిదో తరగతితో బడి మానేసింది. బొత్తాలు కుట్టేది."

జూరా పంటి కింద దారంతోనే చెయ్యెత్తింది.

"మాకు నేర్పినాయన ఒకాయన ఉన్నాడు," అంది సైరకుల్. "ఇంటర్నెట్‌లో ఒక ఫోరం ఉంది. అక్కడ ఆయన పేరు చాబన్, అంటే గొర్రెల కాపరి. నారిన్ అవతల ఎక్కడో ఉంటాడట. అసలు పేరు చెప్పడు, మొహం చూపించడు. 'నేను బాగుచెయ్యను, మీ చేత చేయిస్తాను' అంటాడు. ఆయనే గనక ఈ గడప తొక్కితే పొట్టేలు కోసి, తలుపుకి ఎదురుగా పెద్దచోట కూర్చోబెడతాను. మీ కంపెనీ మొత్తం దిగివచ్చినా చెప్పుల దగ్గరే!"

ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

తర్వాత పెట్టె పక్కన అరచెయ్యి ఆనించాడు, జ్వరం చూసినట్టు. దాని మీదున్న టీ కూజాను రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టాడు.

సైరకుల్ కూజా తీసి మళ్లీ పెట్టె మీదే పెట్టింది.

"పెట్టె మాది. కూజా మాది."

"అవును తల్లీ, మీదే." ఆయన నవ్వు దాచుకోలేదు.

సంచిలోంచి చేతిరాతతో నిండిన లావుపాటి నోటుబుక్కు తీశాడు.

"నా బల్ల మీద ఏ కాగితమూ పెట్టొద్దు!"

ఆయన ఆమె వంకా, జూరా వంకా చూశాడు.

"నిజమే. మీకు దీంతో పనిలేదు," అని నోటుబుక్కు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

బల్ల మీద రొట్టె ఇంకా వేడిగానే ఉంది.

"అక్కా, ఒక్క ముక్క కూడా నోట పెట్టించలేదు," అంది జూరా. "మన గడప నుంచి ఎవరూ అలా వెళ్లలేదు."

"కంపెనీ మనిషికి రొట్టె ఒకటా? కుట్టు, కుట్టు."

తర్వాతి సోమవారం మధ్యాహ్నం వాకిట్లో కారు ఆగింది. ఇస్త్రీ చొక్కా యువకుడు దిగాడు.

"కిందటి మంగళవారమే రావాల్సింది, అక్కా. కారు చెడిపోయింది. మీ సర్వర్ ఎక్కడ?"

"మీ పెద్దాయన వచ్చి చూసి వెళ్లాడుగా!"

"ఏ పెద్దాయన? మా ఆఫీసులో నాకంటే పెద్దవాళ్లే లేరు."

సైరకుల్ ఒక్క క్షణం తడబడింది. వెంటనే నడుం మీద చేతులు పెట్టుకుని, మంగళవారం చెప్పిందంతా ఇంకాస్త గట్టిగా చెప్పింది. యువకుడు కాగితాలు విప్పకుండానే కారెక్కాడు.

"జూరా, ఫోరం తియ్యవే. చాబన్ అన్నకి చెబుదాం. ఇద్దర్ని తరిమేశాం. మొదటాయన ఎవరో మాత్రం తెలియలేదని రాయి."

జూరా తీసింది. తీసి, టైపు చెయ్యకుండా కూర్చుంది.

చాబన్ పేరు చుట్టూ నల్లగీత ఉంది. శుక్రవారం, గుండె ఆపరేషన్ జరుగుతుండగా పోయారని ఎవరో రాశారు. దాని కింద వందల మంది నమస్కారాలు.

అన్నిటికంటే అడుగున ఆయన మంగళవారం సాయంత్రం రాసిన ఆఖరి మాటలున్నాయి:

"ఆపరేషన్‌కి ముందు నేర్పినవాళ్లను ఒకసారి కళ్లారా చూద్దామని బయల్దేరాను, కారకోల్ వాళ్ల గురించి ఇక ఎవరూ దిగులు పెట్టుకోవద్దు, నన్నే బయటికి పంపారు, కాకపోతే ఆ పెట్టె మీంచి టీ కూజా తియ్యమని మాత్రం ఎవరైనా చెప్పండి."