మూల దాటితే

"అక్కా, కదలకు. ఎవడో మనల్నే చూస్తున్నాడు."

డ్వేన్ మాట విని లవాన్ ఒంటికాలి మీద ఆగిపోయింది. రెండో కాలు ఇనుప గొలుసు మీదుగా గాల్లో ఉంది. ఎదురుగా దిబ్బ మీద గుర్రం, దాని మీద మనిషి. మొహానికి రుమాలు కట్టుకున్నాడు. జీను పక్కన తుపాకీ వేలాడుతోంది.

ఆ గొలుసు కట్టింది డబుల్ హుక్ రాంచ్ అనే పశువుల కమతం వాళ్ళు. అమెరికాలో, వయోమింగ్ రాష్ట్రంలో ఆ వైపు నేలంతా చదరంగం బల్లలా ఉంటుంది. ఒక గడి ప్రభుత్వానిది, పక్క గడి రాంచ్‌ది. ప్రభుత్వ గడిలో ఎవరైనా తిరగొచ్చు, వేటాడొచ్చు. కానీ అందులోంచి ఇంకో ప్రభుత్వ గడిలోకి పోవాలంటే రెండింటి మూలలూ కలిసే ఆ ఒక్క చుక్క దగ్గరే దాటాలి. అటూ ఇటూ జానెడు జరిగినా పరాయి నేల. సరిగ్గా ఆ చుక్క మీదే రెండు స్తంభాలు పాతి గొలుసు బిగించారు.

"కాలు వెనక్కి తీసేయనా?" అంది లవాన్ గొంతు తగ్గించి.

"దాటెయ్. వాళ్ళ నేల మీద అడుగు పెట్టలేదుగా."

"పైనున్న గాలి కూడా మాదేనంటాడట వాళ్ళ మేనేజరు. పోయినేడు ఎవరో ఇద్దర్ని పట్టుకుని పొద్దుగూకేదాకా మోకాళ్ళ మీద కూచోబెట్టాడట."

"బారులో కబుర్లు నమ్మకు. బళ్ళో వంట చేస్తూ పిల్లల్ని గరిట చూపించి అదిలిస్తావే, అట్లా ఒక్కసారి అదిలించు. వాడే పారిపోతాడు."

లవాన్‌కి నవ్వు రాలేదు. అయినా కాలు అవతల దించింది. ఎల్క్ దుప్పిని వేటాడే లైసెన్సు తొమ్మిదేళ్ళకి లాటరీలో తగిలింది. ఒక్కటి దొరికితే రెండిళ్ళకీ చలికాలమంతా మాంసమే.

ఇద్దరూ సేజ్ పొదల మధ్య నడిచారు. దిబ్బ మీద గుర్రం కూడా నడిచింది. వీళ్ళు ఆగితే అదీ ఆగింది. అతను అరవలేదు, చెయ్యి ఊపలేదు, దగ్గరికి రాలేదు. ఓ గంట గడిచాక డ్వేన్ జోకులు మానేశాడు. మధ్యాహ్నం వాగు ఒడ్డున కూర్చుని రొట్టె తింటుంటే అతనూ గుర్రం దిగి ఓ బండరాయి మీద కూర్చున్నాడు, వీళ్ళనే చూస్తూ. లవాన్ రొట్టె పక్కన పెట్టేసింది. ఫోను తీసి చూసింది. సిగ్నల్ లేదు.

"తుపాకీ ఉన్నవాడు ఊరికే ఇంతసేపు వెంటపడడురా. ఎవరి కోసమో చూస్తున్నాడు."

"ఎవరి కోసం?"

"ఆ మేనేజరు కోసమే అయ్యుంటుంది. పద, ఇంటికి పోదాం."

"దుప్పి?"

"నువ్వు బతికుంటే చాలు నాకు."

వెనుదిరగగానే గుర్రం దౌడు తీసింది. దుమ్ము లేపుకుంటూ దిబ్బ దిగి, వీళ్ళకంటే ముందే ఆ మూల చేరి, గొలుసుకి అడ్డంగా నిలబడింది. డ్వేన్ చెయ్యి భుజం మీది తుపాకీ మీదికి పోయింది.

"దించరా! ముందది దించు," అంది లవాన్ పళ్ళ బిగువున.

అతను గుర్రం దిగి నాలుగడుగులు ముందుకొచ్చాడు. వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు.

"బండి... ఎక్కడ?"

"రోడ్డు మీద. మైలు దూరం," అంది లవాన్. "బాబూ, మేం మీ నేల తొక్కలేదు. ఒట్టు. ఒక్క గడ్డిపోచ కూడా తొక్కలేదు."

అతను ఆ మాట విననట్టే ఉన్నాడు. "మీరు ఇద్దరేనా? ఇంకెవరూ లేరా?"

లవాన్ తమ్ముడి వైపు చూసింది. ఇటువైపు వచ్చినట్టు ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ ఏం జరిగినా వారం దాకా ఎవరూ వెతకరు. ఆమె నోరు తెరిచేలోపే డ్వేన్ అందుకున్నాడు.

"ఎందుకు లేరు? మా వాళ్ళు నలుగురున్నారు బండిలో. ఈపాటికి బయల్దేరి వస్తుంటారు."

"నలుగురా?" అతని భుజాలు కుంగిపోయాయి. వెనక్కి తిరిగి, రాంచ్ ఇళ్ళున్న వైపు చాలాసేపు చూశాడు. తర్వాత గుర్రం దగ్గరికి వెళ్ళి జీను పక్కనున్న తుపాకీ బయటికి లాగాడు.

లవాన్ తమ్ముడి ముందుకు వచ్చి నిలబడింది. "వాణ్ణేం చెయ్యకు. ముందు నేను దాటాను. ఏం చేసినా నన్నే చెయ్యి."

అతను తుపాకీని గడ్డిలో పడేసి కాలితో దూరంగా తోశాడు. మొహం మీది రుమాలు లాగేశాడు. నలభై అయిదేళ్ళుంటాయి. పెదాలు ఎండకీ చలికీ పగిలి నెత్తురోడుతున్నాయి. రెండు చేతులూ ఎత్తి, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాడు.

"నేను పెరూ నుంచి. ఇక్కడ గొర్రెలు కాస్తాను. పదహారు నెలలైంది. పాస్‌పోర్టు మేనేజరు దాచాడు. గేటుకి తాళం. పారిపోతే కాలుస్తానన్నాడు. మీరెవరో తెలీక ఇంతసేపు దగ్గరికి రాలేదు. మేనేజరు వచ్చే వేళయింది." మళ్ళీ ఒకసారి రాంచ్ ఇళ్ళ వైపు చూశాడు. "నలుగురున్నా ఫర్వాలేదమ్మా. బండి వెనక తొట్టిలో పడుకుంటాను. నన్నూ తీసుకుపోండి."