కదిలించే ప్రసంగం

"ప్రసంగాలు మూడు తీర్లు," అన్నాడు విజేందర్. "ఒకటి ఉన్నది ఉన్నట్టు తెలియజెప్పేది. ఇంకోటి వాదించి ఒప్పించేది. మూడోది మనసు కదిలించేది. రేపు మనకు కావాల్సింది గా మూడోది."

బడి వరండాలో కూర్చున్న ఊరివాళ్లు తలలూపారు.

మరునాడు పదింటికి ప్రజాభిప్రాయ సేకరణ. ఊరి పక్కనున్న మందుల కంపెనీ ఫ్యాక్టరీని రెండింతలు చేస్తానంటోంది. ఉన్న ఫ్యాక్టరీకే బోర్లలో నీళ్లు ఎర్రబడ్డాయి. ఇంకా పెరిగితే పొలాలు బీడు పెట్టి, జడ్చర్లకు పోయి కిరాయి గదుల్లో బతకాల్సిందే. వినతి పత్రాలు ఇచ్చారు, ధర్నాలు చేశారు, ఏదీ ఫలించలేదు. మిగిలింది ఈ సభ ఒక్కటే.

విజేందర్ మహబూబ్‌నగర్‌లో ఉపన్యాస కళ నేర్పే మనిషి. ఊరి గోస విని ఉండబట్టక వచ్చానన్నాడు. మూడు రోజులుగా పొద్దున్నే వచ్చి పొద్దుగూకాక పోతున్నాడు. ఎవరినీ పైసా అడగలేదు. బక్కమ్మ పెట్టిన జొన్నరొట్టె తిని, "మా అవ్వ యాదికొచ్చింది పెద్దమ్మా" అన్నాడు.

మైకు అంటేనే కాళ్లు వణికేవాళ్లకు నిలబడడం నేర్పాడు. ఎక్కడ ఆగాలో, ఎవరి కళ్లలోకి చూడాలో చెప్పాడు. బక్కమ్మ తన మాట చెప్పి ఏడిస్తే తనూ ఏడ్చాడు.

కోమల ఒక్కతే లేచింది. ఆమె ఊరి బడిలో సైన్సు టీచరు. ఏడు బోర్ల నీళ్లు పట్నంలో పరీక్ష చేయించి రిపోర్టు తెచ్చింది ఆమే.

"అన్నా, నేనైతే రిపోర్టు సదువుత. ఏ బోరుల ఏ విషముందో లెక్కలతోని ఉంది."

"సదువొచ్చు అక్కా. కానీ మనిషికి రెండే నిమిషాలు. నువ్వు లెక్కలు మొదలువెడితే వినేటోళ్లు ఆవులిస్తరు. సగంల మైకు గుంజుకుంటరు. లెక్కలు కంపెనీ దగ్గర మనకంటె పదింతలున్నయి. వాళ్ల దగ్గర లేనిది మన కన్నీళ్లే."

"పోనీ, కాగితం చేతికిచ్చి మాట్లాడనా?"

"ముందుగాల కాగితం పెడితే కంపెనీ వకీలు లేచి దాని మీదనే గంటసేపు కొట్లాడుతడు. ఊరోళ్లకు టైమే మిగలదు. అందరు మాట్లాడినంక ఇద్దాం. ఫికర్ చెయ్యకు."

నిజమేననిపించింది. కోమల కూర్చుంది.

మరునాడు షామియానా కింద జనం కిటకిటలాడారు. ముందు కంపెనీ మేనేజరు మాట్లాడాడు. అన్నీ అంకెలే. ఎవరూ వినలేదు.

బక్కమ్మ మైకు పట్టుకుంది. నేర్పినట్టే వేదిక మీదివాళ్ల కళ్లలోకి చూసింది.

"అయ్యా, నా కోడలు మల్లిక రెండుసార్లు నీళ్లోసుకుంది. రెండుసార్లు కడుపు పోయింది. ఏం నీళ్లు తాగుతున్నవమ్మా అని దవాఖానల డాక్టరమ్మ అడిగింది. నేనేం జెప్పాలె సారూ? నా చేతులతోని ముంచిచ్చిన నీళ్లాయె. నా వంశాన్ని నేనే సంపుకున్ననా?"

అంతే, నేర్పిన చోట ఆగింది. ఆ తర్వాత నేర్పనిది చేసింది. వేదిక ముందు నేల మీద పడిపోయింది.

షామియానా అంతా ఒక్కసారిగా ఏడ్చింది. సభ నడుపుతున్న అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

కోమల వంతు వచ్చింది. సంచిలో రిపోర్టు ఉంది. చెయ్యి దాని మీదికి పోయింది. ఎదురుగా అందరి మొహాలూ తడిసి ఉన్నాయి. ఇప్పుడు అంకెలు చదివితే ఈ తడి ఆరిపోతుందనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. అరచేతుల మీద పుండ్లు కనబడకుండా నోటుబుక్కుతో దాచుకునే ఆరో తరగతి పిల్ల గురించి చెప్పింది. చెబుతూ తనూ ఏడ్చింది.

ఇరవై మూడు మంది మాట్లాడారు. ఆఖరి మనిషి దిగేసరికి చప్పట్లు ఆగలేదు.

"గెలిచినం బిడ్డా," అని బక్కమ్మ కోమల చెయ్యి పట్టుకుంది.

సభ ముగిసిందని అధికారి ప్రకటించాడు. నమోదైన వివరాలు చదవడం మొదలుపెట్టాడు.

"మాట్లాడినవారు ఇరవై మూడు మంది. అందరూ తమ బాధను, ఆవేదనను తెలియజేశారు. ఆధారాలతో కూడిన అభ్యంతరాలు ఏవీ అందలేదు."

కోమల రిపోర్టు తీసి వేదిక దగ్గరికి ఉరికింది.

"సార్, ఆధారముంది! ఏడు బోర్ల పరీక్ష! ఇగో, తీసుకోండి సార్!"

అధికారి ఆ కాగితాల వైపు చూశాడు. ఆయన కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"సభ ముగిసిందని చెప్పాక తీసుకునే హక్కు నాకు లేదమ్మా. రెండు నిమిషాలు మైకు నీ చేతిలోనే ఉంది. అప్పుడెందుకు ఇవ్వలేదు?"

కోమల వెనక్కి తిరిగి జనంలో వెతికింది. బక్కమ్మ కూడా లేచి కేకేసింది.

"విజేందరూ! యాడున్నవ్ కొడుకా? జర నువ్వొచ్చి జెప్పు! నీకైతే మాటలొస్తయి!"

ఊరంతా అతని కోసం అటూ ఇటూ చూస్తుంటే, అధికారి చివరి పేజీ తిప్పి చదివాడు: "కంపెనీ తరఫున హాజరైనవారు: మేనేజరు, న్యాయవాది, ప్రజా సంబంధాల సలహాదారు విజేందర్."