చీకటి గంట

దొంగతనానికి ముహూర్తం పెట్టింది పెళ్లికూతురు. పెళ్లై రెండు నెలలైనా కాలేదు కనుక ఆమెను ఇంకా పెళ్లికూతురనే అనాలి.

"ఆ అపార్ట్‌మెంట్‌లో అందరి చేతా ఒక గంటసేపు లైట్లు ఆర్పించేస్తాను బావా. భూమి కోసం అని చెబుతాను. అందర్నీ కింద తోటలోకి పిలిచి నేను ఉపన్యాసం ఇస్తుంటాను. నువ్వు పైకెళ్లి నీ పని చూసుకో."

పెళ్లికొడుకు నోరు తెరిచాడు. అతనిది తాళాలు తీసే విద్య. అడుగుల చప్పుడు వినిపించదని తోటి దొంగలు 'పిల్లి' అనేవారు. ఇంత చదువుకున్న దొంగతనం మాత్రం అతను ఎన్నడూ వినలేదు.

"భూమి కోసం లైట్లెవరు ఆర్పుతారే?"

"భూమి కోసం ఆర్పరు. పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని ఆర్పుతారు. డిగ్రీలో పర్యావరణం మీద ఒక పేపరుంది బావా. అందరూ చదవకుండా పాసయ్యారు. నేను చదివి పాసయ్యాను."

వాళ్లకు కావలసింది నగలూ మేడలూ కాదు. ఒక గది. తలుపున్న గది. ప్రస్తుతం ఆమె ఆడపడుచు ఇంటి హాల్లో అడ్డంగా దుప్పటి కట్టుకుని కాపురం చేస్తున్నారు. దుప్పటికి అవతల ఆడపడుచు మామగారు పడుకుంటారు. వీళ్లు నోరు నొక్కుకుని నవ్వుకున్నా, "ఏంటమ్మా ఆ జోకు, నాకూ చెప్పండి" అంటారాయన. ఊళ్లో అందరి తలుపులూ తీసేవాడికి, వేసుకోవడానికి ఒక్క తలుపు లేదు.

ఆకుపచ్చ బ్యాడ్జీలు పెట్టుకుని ఇద్దరూ అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షురాలి ఇంటికి వెళ్లారు. ఆ పెద్దావిడ ఒక్క ప్రశ్నైనా వేయకుండా ఒప్పుకుంది. "ఆ గంటసేపు మెట్ల దగ్గర కెమెరాలు కూడా ఆపేద్దాం. అవీ కరెంటే కదా తాగేది" అని తనే అంది. మెట్లు దిగుతూ పెళ్లికూతురు సంతోషం పట్టలేక మొగుడి చెయ్యి గిల్లింది.

అపార్ట్‌మెంట్ వాళ్లూ ఒకరిని మించి ఒకరు ఉత్సాహపడ్డారు. ఒకాయనైతే కారు ఇంజను ఆపకుండానే అద్దం దించి, "గాలి ఎంత పాడైపోయిందో చూడమ్మా. మీలాంటి వాళ్లు రావాలి" అని బాధపడ్డాడు.

ఆ సాయంత్రం అనుకున్న వేళకు బిల్డింగంతా ఆరిపోయింది. ఒక్క కిటికీలోనూ వెలుగు లేదు. కింద తోటలో పెళ్లికూతురి గొంతు ఖంగుమంది. పెళ్లికొడుకు ఖాళీ సంచితో మెట్లెక్కాడు.

మొదటి తాళం చిటికెలో వచ్చింది. హాలంతా చీకటి. అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లి పడగ్గది తలుపు నెట్టాడు.

గది నిండా వెలుగు. కిటికీలకు దళసరి రగ్గులు కట్టి ఉన్నాయి. ఏసీ గుర్రుమంటోంది. ఇంటిల్లిపాదీ మంచమెక్కి టీవీ చూస్తున్నారు.

పెళ్లికొడుకు వెనక్కి తిరగబోయాడు. అంతకంటే ముందే ఇంటాయన మొహం పాలిపోయింది. ఆయన చూపు ఆకుపచ్చ బ్యాడ్జీ మీద ఉంది.

"చెకింగా బాబూ? అదీ... మా అత్తగారికి చీకటంటే భయం."

"నాకేం భయం లేదు" అంది అత్తగారు, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

"సంఘంలో మాత్రం చెప్పకు నాయనా. తలెత్తుకోలేను." వెండి గ్లాసొకటి సంచిలో పడింది.

పక్కింట్లో వాషింగ్ మెషిన్ గిరగిరా తిరుగుతోంది. ఆ ఇల్లాలు కొత్త మిక్సీ పెట్టెతో సహా ఇచ్చి దండం పెట్టింది. కారాయన బాత్‌రూములో లైటేసుకుని, పాటలు వింటూ చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. చేతి గడియారం విప్పి ఇచ్చాడు. ఏ తలుపు తీసినా ఇదే వరస. తలుపు ఎలా తెరుచుకుందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

సంచి నిండింది గానీ పెళ్లికొడుక్కి ఏడుపొక్కటే తక్కువ. కష్టపడి నేర్చుకున్న విద్య. ఒక్క వస్తువైనా దొంగిలించనిస్తేనా, అందరూ ఇచ్చేవాళ్లే.

తోటలో పెళ్లికూతురికి డిగ్రీ పేపరు కోసం చదివింది కాస్తా పావుగంటలో అయిపోయింది. మిగతా సమయం ఎలా నింపాలో తోచక, చీకట్లో సిగ్గేముందిలే అని తమ దుప్పటి కాపురం సంగతంతా చెప్పేసింది. చప్పట్లు బాగానే వినిపించాయి.

గంట పూర్తయి లైట్లు వెలిగాయి. అన్నీ ఖాళీ కుర్చీలే. ముందు వరసలో అధ్యక్షురాలు ఒక్కతే కూర్చుని ఇంకా చప్పట్లు కొడుతోంది.

అప్పుడే సంచి మోసుకుంటూ వచ్చిన పెళ్లికొడుకు గోడకు కొట్టిన మేకులా నిలబడిపోయాడు. ఆవిడ సంచి వైపు చూసింది. పెళ్లికూతురు పరుగున వెళ్లి మొగుడి చెయ్యి పట్టుకుంది. దుప్పటి కాపురం పోయి ఇక కటకటాల కాపురం. అదీ చెరొక చోట.

"ఎన్ని ఇళ్లలో లైట్లు వెలుగుతున్నాయి బాబూ?" అని అడిగింది ఆవిడ.

"వెళ్లిన ప్రతి ఇంట్లోనూ అండీ." భయానికి అతనికి అబద్ధం కూడా తోచలేదు.

"ఏయే ఇళ్లో గుర్తున్నాయా?"

"ఉన్నాయండీ."

ఆవిడ మొహం వికసించింది. "ఆ సంచిలోది వాళ్లు కట్టిన జరిమానా అనుకుంటాను, మీరే ఉంచుకోండి. మెట్ల కింద గది ఒకటి ఖాళీగా ఉంది. లోపల గడియ కూడా ఉంది. రేపే వచ్చి దిగండి. నెలకోసారి ఇలా చూసి చెబితే చాలు, అద్దె అక్కర్లేదు."

పెళ్లికూతురు నమ్మలేకపోయింది. "మేమెవరమో తెలుసుకోకుండానే గది ఇచ్చేస్తారా అండీ?"

"తెలియకేం తల్లీ, మొదటి రోజే మీ ఆయన నా మొహం చూడకుండా నా తలుపు తాళం చూస్తూ మాట్లాడాడు. నేను చెకింగ్‌కి వెళ్లి గంట కొడితే మావాళ్లు ముందు లైట్లార్పి, తర్వాత తలుపు తీస్తారు. గంట కొట్టకుండా లోపలికెళ్లే మనిషి కోసమే నేను ఇన్నాళ్లూ వెతుకుతున్నాను."