ఉప్పు వేయకముందు

ఇంటింటా వంట మిషన్లే వండిపెడుతున్న రోజులవి. ఎవరి ఒంటికి తగ్గ తిండి వాళ్ళకు వేరుగా వచ్చేది. ఉప్పెనలో తల్లి తప్పిపోయిన పసిపాపను తెచ్చి పెంచుతున్న హైమవతికి మాత్రం పొయ్యి వెలిగించక తప్పలేదు. మిషన్ ఇచ్చినదేదీ ఆ పిల్ల మింగేది కాదు.

కొన్ని నెలలకు కన్నతల్లి రత్తాలు ఆచూకీ దొరికింది. బిడ్డను తీసుకెళ్ళడానికి వచ్చిన ఆమెను హైమవతి వంటింట్లో కూర్చోబెట్టుకుంది.

"పప్పూ బియ్యం మెత్తగా ఉడికాక, ఉప్పు వేయకముందే పాపకి తీసెయ్యమ్మా. ఉప్పేశాక మా మూడేళ్ళోడికి తీస్తాను. కారం, పోపు ఆఖర్న పెద్దోళ్ళకి. ఒక్క గిన్నెలోనే అందరికీ అయిపోద్ది."

"నా చేత్తో తింటాదా అక్కా? నన్ను మర్చిపోయుంటాది," అంది రత్తాలు.

తినకపోతే ఇంకో నాలుగు రోజులైనా పాప తన దగ్గరుంటుందని హైమవతి మనసు కొట్టుకుంది. అయినా తనే నెయ్యి వేసి, అన్నం మెదిపి, ముద్దను రత్తాలు చేతిలో పెట్టింది.

పాప ఇద్దరి ముఖాలూ చూసింది. తర్వాత నోరు తెరిచి ఆ ముద్ద తిని, ఇంకోదాని కోసం రత్తాలు చెయ్యి పట్టుకుని లాగింది.

"తింటందక్కా," అంటూ రత్తాలు ఏడ్చింది.

"ఇంకో ముద్ద పెట్టమ్మా," అని హైమవతి లేచి, గోడవైపు తిరిగి నిలబడింది.